యాభై వేసుకోండి

మధ్యాహ్నం మూడు గంటలు. కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరరు గది. బల్ల మీద రెండు ఫారాల కట్టలు, ఒక సంతకం లేని ఉత్తరం.

“కూర్చోమన్నానా, కూర్చో. నువ్వు నిలబడితే నాకు మెడ నొప్పి.”

“పర్లేదు మేడమ్, నిలబడే చెప్తాను. నాకేం భయం?”

“భయం సంగతి నేనడిగానా? మెడ సంగతి చెప్పాను. ఆ, అలా కూర్చో. ఈ ఉత్తరం రాసింది నువ్వేనా?”

“ఏ ఉత్తరం మేడమ్?”

“పొద్దున నా తలుపు కిందనుంచి లోపలికొచ్చింది. చదవనా? ‘మన క్లాసులో ఒకమ్మాయి ఒక్క ఇంటికీ వెళ్ళకుండా సర్వే ఫారాలన్నీ సొంతంగా నింపేసింది. ఆ అమ్మాయి ఎవరో మీకు తెలుసు, మీకు బాగా ఇష్టమైన అమ్మాయే.’ ఎవరు రాసుంటారంటావు?”

“ఎవరైనా రాసుండచ్చు మేడమ్. క్లాసులో నలభై మందిమి ఉన్నాం.”

“‘భోజనాల బల్ల మీద పరుచుకుని నింపింది’ అని కూడా ఉంది. మీ ఇంటి భోజనాల బల్ల నలభై మందికీ తెలుసా?”

“అది... అంటే...”

“అంటే?”

“సరే మేడమ్. నేనే. నేనే రాశాను. నిజమే రాశాను. నిజం రాస్తే తప్పా?”

“తప్పని ఎవరన్నారు? చెల్లెలి మీద అక్క రాసిందంటే ఊరికే రాయదు కదా, కనుక్కుందామని పిలిచాను.”

“అదే మేడమ్! ఊరికే రాస్తానా? తోడబుట్టింది. రాసేటప్పుడు చెయ్యి వణికింది, తెలుసా?”

“అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి మరి.”

“నా రాతే అంత మేడమ్. చెయ్యి వణికినా రాత చెడదు.”

“మంచిది. ఇప్పుడు వరసగా చెప్పు. మీ ఇద్దరికీ నేనిచ్చిన పనేంటి?”

“కాలేజీ వెనక వీధి మేడమ్. ఎడమ వైపు అరవై ఇళ్ళు నాకు, కుడి వైపు అరవై ఇళ్ళు పిట్టకి.”

“పిట్ట ఎవరు?”

“అదే, మా చెల్లెలు. చిన్నప్పుడు ఇంతే ఉండేది, గొంతు మాత్రం వీధంతా వినిపించేది. పిట్ట కొంచెం కూత ఘనం అని మా తాతయ్య పెట్టాడు ఆ పేరు. ఇంట్లో ఏం చేసినా ‘మా పిట్ట, మా పిట్ట’ అని ఒకటే మురిపెం.”

“నిన్నేమంటారు?”

“పెద్దది అంటారు. పెద్దదేది, పెద్దది తిన్నదా, పెద్దదానికి చెప్పండి. అలమారా గురించి చెప్పుకున్నట్టు.”

“సరే, వీధిలోకి రా. ఇంటికెళ్ళి ఏమడగాలి?”

“ఇంటిపెద్ద వయసు, ఎంతమంది ఉంటారు, ఎంతవరకు చదివారు, నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి.”

“వెళ్ళకుండా రాసుకొస్తే ఏమవుతుందని చెప్పాను?”

“ప్రాజెక్టు సున్నా. ఈ ఏడాదంతా మళ్ళీ మొదట్నుంచీ చదవాలి.”

“బాగా చేసినవాళ్ళకి?”

“పెద్ద సర్వే ఆఫీసులో ట్రైనింగు. క్లాసు మొత్తానికి ఒకటే సీటు.”

“ఆ సీటు మీ చెల్లెలికిస్తానని నేనేమైనా అన్నానా?”

“అనాలా మేడమ్? ఎప్పుడు ఏదొచ్చినా దానికేగా! మొన్న మీరు దాని కట్ట తిరగేస్తూ నవ్వుకున్నారు. నాది తిరగేసి పక్కన పెట్టారు. నేను కిటికీలోంచి చూశాను.”

“కిటికీలోంచి కూడా చూశావూ?”

“కనిపించింది మేడమ్. వెతుక్కుంటూ వెళ్ళి చూడలేదు.”

“సరే సరే. అది ఇళ్ళకి వెళ్ళలేదని నీకెలా తెలుసు? సాక్ష్యం చెప్పు. నాకు ఉత్తరాలు చాలవు.”

“ఒకటి కాదు, మూడున్నాయి. మొదటిది చెప్పనా? ఒక ఆదివారం అది ఫారాలన్నీ భోజనాల బల్ల మీద పరిచి, ఫ్యాను పెద్దది చేసి, పెన్ను పట్టుకుని ఒక్కోటీ రాసుకుంటూ కూర్చుంది. కళ్ళారా చూశాను.”

“ఫ్యాను ఎందుకు పెద్దది చేసింది?”

“తడిశాయి కాబట్టి.”

“ఎందుకు తడిశాయి?”

“వానలో... అంటే ముందురోజు వానలో తడిసి వచ్చింది అది. ఒళ్ళంతా ముద్ద. మా అమ్మ తువ్వాలు పట్టుకుని దాని వెనక తిరగడమే సరిపోయింది. ‘అయ్యో నా తల్లీ, ఇంత వానలో ఇల్లిల్లూ తిరిగావా’ అని.”

“అంటే తిరిగింది.”

“ఎక్కడో తిరిగింది మేడమ్! ఇళ్ళకే తిరిగిందని ఏముంది?”

“నింపిందా, చెరిగిన అంకెలు దిద్దిందా?”

“నేను దూరంగా కూర్చున్నాను. రాస్తోంది. అంతవరకే నాకు తెలుసు.”

“సరే. రెండో సాక్ష్యం?”

“తాళాలు. అరవై ఇళ్ళలో ఏడు ఇళ్ళకి ‘తాళం, మూడుసార్లు వెళ్ళాను’ అని రాసింది. ఒక ఇంటి దగ్గర ‘కసురుకున్నారు, మళ్ళీ వెళ్తే చెప్పారు’ అట. ఇంకో ఫారం మీద ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో గీసిన గీతలు. ఒకదాని మీద టీ మరక. అది సర్వేనా మేడమ్? పని ఎగ్గొట్టేవాళ్ళు చెప్పే మాట, తాళం! మేం చిన్నప్పుడు లెక్కలు చెయ్యకపోతే నోట్‌బుక్ దొరకలేదనేవాళ్ళం కదా, అలాంటిదే.”

“నీ కట్టలో తాళాలెన్ని?”

“ఒక్కటీ లేదు. అరవైకి అరవై.”

“అరవైకి అరవై. శభాష్.”

“థాంక్యూ మేడమ్. ఎవరో ఒకరు గమనించారు.”

“మూడోది?”

“మూడోదే అసలుది. వయసులు చూడండి మేడమ్. నలభై, నలభై అయిదు, యాభై, యాభై, అరవై, ముప్పై అయిదు, యాభై! ఎవరు నమ్ముతారు? యాభై మూడు మందిలో ముప్పై ఒక్కమందికి చివర సున్నా, లేకపోతే అయిదు. నేను లెక్కపెట్టాను.”

“ఎప్పుడు లెక్కపెట్టావు?”

“అది స్నానానికి వెళ్ళినప్పుడు.”

“అంత తొందరగా?”

“అది గంటసేపు చేస్తుంది మేడమ్ స్నానం. బాత్రూములోకి అదే ముందు వెళ్తుంది, ఆఖరున వస్తుంది. నేను బయట తువ్వాలు భుజాన వేసుకుని కూర్చోవాలి. అదలా ఉంచండి. మీరే పాఠం చెప్పారు కదా, చివరి అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా పదింటికి ఒకటి చొప్పున రావాలని. అంటే సున్నా, అయిదు రెండూ కలిపి పది, పదకొండు దాటకూడదు. దీనికి ముప్పై ఒకటి! ఆలోచించే ఓపిక కూడా లేదు దానికి. నోటికొచ్చిన గుండ్రటి అంకెలు వేసుకుంటూ పోయింది. కనీసం అబద్ధమైనా శ్రద్ధగా ఆడొద్దూ!”

“శ్రద్ధగా ఆడితే ఎలా ఉంటుంది?”

“ముప్పై ఏడు, నలభై మూడు... ఏదో, నిజంలా ఉండాలి కదా మేడమ్. నాకేం తెలుసు, ఉదాహరణకి చెప్తున్నా.”

“అమ్మగారూ, టీ తెచ్చా. పాపకి కూడా తేనా?”

“వద్దులే ఆయమ్మా, నాది సగం పోస్తాను. ఆ చేతిలో కాగితమేంటి?”

“కళ్ళద్దాలకట అమ్మగారూ. ఆఫీసులో ఇచ్చి నింపుకురమ్మన్నారు. నాకు రాత రాదు కదా, కాస్త మీరు రాసి పెట్టండి.”

“ఇలా ఇవ్వు. వయసెంత?”

“యాభై వేసుకోండి.”

“పోయినేడాది బీపీ కాగితానికీ యాభయ్యే వేయించావు.”

“ఒక్క ఏడాదికే మారిపోద్దా ఏంటి? అరవై వచ్చినప్పుడు నేనే చెప్తాలెండి.”

“మీ ఆయన వయసు కూడా అడిగారు ఇందులో.”

“ఆయనా? నాకంటే కొంచెం పెద్ద. యాభై అయిదు పెట్టెయ్యండి, గొడవుండదు.”

“ఆయమ్మా, నువ్వు పుట్టిందెప్పుడో కూడా తెలీదా నీకు?”

“ఎందుకు తెలీదు పాపా, పెద్ద వాన పడ్డ రోజు పుట్టానని మా అమ్మ చెప్పేది. నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. నువ్వు ఆ చిన్నపాప వాళ్ళ అక్కవి కదూ? ఆ పిల్ల రోజూ నన్ను పలకరించకుండా గేటు దాటదు. మోకాలు ఎలా ఉందని అడుగుతుంది. బంగారం!”

“...అవును. అక్కనే.”

“మొహం పోలికలున్నాయిలే. మాట పోలికే లేదు. వస్తా అమ్మగారూ.”

“కాగితం తీసుకెళ్ళు ఆయమ్మా. చూశావా, బల్ల మీదే మర్చిపోతుంది. ఆ, టీ తాగు అమ్మాయ్, చల్లారిపోతుంది.”

“వద్దు మేడమ్.”

“ఏమైంది? ఇప్పటిదాకా నవ్వావుగా.”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే కప్పు అలా నెట్టరు.”

“చూశారుగా మేడమ్! టీ ఇవ్వడానికొచ్చిన మనిషికి కూడా అదే కావాలి. నేను కూడా రోజూ అదే గేటులోంచి వస్తాను. ఇవాళ్టిదాకా నన్ను ఒక్కసారైనా పలకరించిందా? ‘ఆ పిల్ల అక్కవి.’ నాకో మొహం లేదు, ఓ పేరు లేదు. పుట్టినప్పట్నుంచీ ఇంతే. బస్సులో కిటికీ పక్కన అదే. నేనింకా చెప్పులు వెతుక్కుంటుంటే అది వీధి చివరికి వెళ్ళిపోతుంది. పుట్టడం ఒక్కటే దానికంటే నేను ముందు పుట్టాను. అదీ పదిహేను నెలలే!”

“మరి ఒకే క్లాసులోకి ఎలా వచ్చారు?”

“అడిగారా అదీ? పోయినేడాది నాకు పచ్చకామెర్లు వచ్చి పరీక్షలు పోయాయి. మంచం మీద ఉన్నాను. కళ్ళు పచ్చగా, ఒళ్ళు పచ్చగా. అది వచ్చి నా పక్కన కూర్చుని నా పాత పుస్తకాలే చదువుకునేది. ‘అక్కా, ఇది కాస్త చెప్పవా’ అనేది. చెప్పాను. నేను చెప్పిన లెక్కలే రాసి అది ఫస్టు వచ్చింది. నేను దానితో కలిసి మళ్ళీ అదే క్లాసు. జూన్‌లో మొదటి రోజు, పక్క బెంచీలో జాగా ఉంచింది నాకు. సంచీ తీసి, దుమ్ము తుడిచి, ‘రా అక్కా’ అంది. నలభై మంది ముందు! నాకు చచ్చిపోవాలనిపించింది.”

“ప్రేమగానే పిలిచింది కదా.”

“అదే మేడమ్ బాధ! ఒక్కసారైనా వెక్కిరిస్తే బాగుండు, తిట్టుకోవచ్చు. ఏడిపించదు, ఎదురు చెప్పదు. దాన్ని తిడితే నాదే తప్పంటారు. అవును, కుళ్ళే నాకు. చెప్పేస్తున్నా. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటుంటే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను. కానీ నాకు కుళ్ళుంటే దాని దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?”

“పోదు. కుళ్ళు వేరు, సాక్ష్యం వేరు. ఇంకొక్కటి అడుగుతాను. దాని ఏడాది పోతే ఏమవుతుందో ఆలోచించావా?”

“నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది మేడమ్? అన్నీ తెలుసు. తెలిసే రాశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను ముందు, అది వెనక. తర్వాత కావాలంటే దానికి నేనే పాఠాలు చెప్తాను. రోజూ కూర్చోబెట్టి చెప్తాను. బెంచీలో జాగా కూడా ఉంచుతాను.”

“సరే. అయితే ఈ తెల్లకాగితం మీద రాయి. దొంగ కట్టకి గుర్తులు ఇవీ, ఈ గుర్తులు మా చెల్లెలి కట్టలో ఉన్నాయి, నేను స్వయంగా చూశాను అని.”

“సంతకం పెట్టాలా?”

“నీ ఇష్టం.”

“పెడతాను మేడమ్. ఈసారి సంతకంతోనే. దాక్కోవాల్సిన అవసరం నాకేంటి? ఇదిగో. గుండ్రటి వయసులు, తాళాలు, మరకలు. చాలా?”

“చాలు. ఇప్పుడు నీ కట్ట చూద్దాం.”

“నాదా? నాదెందుకు మేడమ్?”

“పోల్చి చూడాలి కదా. దొంగది ఇలా ఉంటే మంచిది ఎలా ఉండాలో ప్రిన్సిపాల్ గారికి చూపించొద్దూ?”

“అలాగైతే చూడండి. నాది శుభ్రంగా ఉంటుంది.”

“చాలా శుభ్రంగా ఉంది. అద్దం తుడిచినట్టుంది. మూడు వారాలు ఎండలో, వానలో తిరిగిన కాగితాలు, ఒక్క మడత లేదు. అరవై ఫారాలూ ఒకే పెన్ను. అరవై ఇళ్ళలోనూ మనిషి ఉన్నాడు. ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ ‘తర్వాత రా’ అనలేదు.”

“నా అదృష్టం మేడమ్. కొందరికి మంచివాళ్ళు తగులుతారు.”

“అరవై మందీ?”

“మర్యాదగా మాట్లాడితే అందరూ మంచివాళ్ళే.”

“వయసులు కూడా చదువుతాను. ముప్పై ఏడు, నలభై మూడు, యాభై రెండు, అరవై ఒకటి, నలభై ఎనిమిది, ముప్పై మూడు...”

“చూశారా? ఎంత సహజంగా ఉన్నాయో!”

“ఇందాక నువ్వే చెప్పావు, సున్నా, అయిదు కలిపి పదింటికి రెండు చొప్పున రావాలని. అరవైకి ఎన్ని?”

“పన్నెండు.”

“నీ కట్టలో ఒక్కటే ఉంది.”

“...ఒక్కటా?”

“ఒక్కటే. నీ లెక్క ప్రకారమే పదకొండు తక్కువ. ఎక్కడికి పోయాయి?”

“నాకెలా తెలుస్తుంది మేడమ్? వాళ్ళు చెప్పింది నేను రాశాను.”

“వాళ్ళు చెప్పరమ్మా అలా. నేను పాతికేళ్ళుగా సర్వేలకని జనం తలుపులు కొడుతున్నాను. వయసెంతండీ అంటే ‘నలభై మూడు’ అని టక్కున చెప్పేవాళ్ళు నూటికి కొందరే. మిగతావాళ్ళంతా ఒక్క క్షణం పైకి చూస్తారు. తర్వాత ఏమంటారు? చెప్పు. ఇప్పుడే విన్నావు, ఇదే గదిలో.”

“యాభై వేసుకోండి.”

“అదీ. నలభై వేసుకోండి, అరవై అనుకోండి, ఆయనకి యాభై అయిదు పెట్టెయ్యండి. ఏ వీధికెళ్ళినా ఇంతే. ఆ సంగతి నేను క్లాసులో చెప్పను. ఏ ఏడాదీ చెప్పలేదు, కావాలనే. వెళ్ళినవాళ్ళు వచ్చి, ‘మేడమ్, అందరూ యాభయ్యే అంటున్నారు, ఏం చెయ్యాలి’ అని గోల పెడతారు. అప్పుడు చెప్తాను. వెళ్ళనివాళ్ళు అడగరు. తెలివైనవాళ్ళయితే, గుండ్రటి అంకెలు వేస్తే అనుమానం వస్తుందని ఏరి ఏరి తీసేస్తారు.”

“మేడమ్, నేను...”

“మీ చెల్లెలు రెండో రోజే వచ్చి గోల పెట్టింది. అందుకే దాని కట్ట చూసి నవ్వుకున్నాను. నువ్వు కిటికీలోంచి చూసింది ఆ నవ్వే.”

“నేను వెళ్ళాను మేడమ్. ఒట్టు. వెళ్ళాను.”

“వెళ్ళావు. ఆ ఒక్క గుండ్రటి అంకె ఎక్కడుందో తెలుసా? మొదటి ఫారంలో. ‘యాభై.’ దాని మీద ఒక మూల వేలిముద్ర మరక కూడా ఉంది. మొదటి ఇంటికి వెళ్ళావు. రెండో ఇంటికి ఎందుకు వెళ్ళలేదు? ఏడవకు. ఏడిస్తే నాకు వినపడదు. చెప్పు, ఏం జరిగింది ఆ ఇంట్లో?”

“ఏం జరగలేదు. కుట్టుమిషను పెట్టుకున్నావిడ. తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, ‘ఎదురింటికి నిన్న వచ్చిన పిల్ల... నువ్వు ఆ పిల్ల అక్కవా? అదే ముక్కు’ అంది. రా రా కూర్చో అని, పీట మీద గుడ్డముక్కలు తీసేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. ‘ఎంత మర్యాద ఆ పిల్లకి, నా కళ్ళకి కనపడక సూదిలో దారం ఎక్కకపోతే, వీధి దాటొచ్చి ఎక్కించి ఇచ్చి మరీ వెళ్ళింది’ అంది. ‘ఆ పిల్ల రాలేదా ఇవాళ’ అంది.”

“నువ్వేమన్నావు?”

“వయసెంతండీ అన్నాను. యాభై అంది. రాసుకున్నాను. బయటికొచ్చి రెండో ఇంటి గేటు మీద చెయ్యి వేశాను మేడమ్. నిజంగా వేశాను. వెయ్యగానే అనిపించింది, ఇక్కడ కూడా అదే అంటారు. అరవై గుమ్మాలు. అరవైసార్లు ‘ఆ పిల్ల అక్కవా’ అనిపించుకోవాలి. నా వల్ల కాలేదు. గేటు వదిలేసి ఇంటికొచ్చేశాను.”

“వచ్చి?”

“మేడ మీద గదిలో కూర్చుని నింపాను. పదకొండు రోజులు పట్టింది. ఒక్కో ఇంటికీ మనుషుల్ని పుట్టించాను మేడమ్. ఎవరెవరు, ఎంత చదివారు, అన్నీ ఆలోచించి వేశాను. వాళ్ళు ఎవరికీ మా చెల్లెలు తెలీదు.”

“ఊఁ.”

“నాకు తెలుసు అది తప్పని. కానీ దాని గుండ్రటి అంకెలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అదీ నాలాగే చేసిందనుకున్నాను. పిట్ట కూడా దొంగే అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పట్టుకోండి అని మీకు రాశాను. నా కట్ట ఇంకా బాగా కుట్టాను కదా, నాది దొరకదులే అనుకున్నాను.”

“నీ సాక్ష్యమే నిన్ను పట్టించింది. అది రాయకపోయుంటే మరో వారం నాకు అనుమానంతోనే సరిపోయేది.”

“ఏడాది పోయినట్టేనా మేడమ్?”

“రూలు నేను పెట్టింది కాదు.”

“అయితే అది పై క్లాసుకి పోతుంది. నేను ఇదే క్లాసులో. మా చెల్లెలు నాకు సీనియరా? ఇంకేదైనా వెయ్యండి మేడమ్. ఇంకో మూడొందల ఇళ్ళకి పంపండి. ఎండలో పంపండి, వెళ్తాను. అది మాత్రం వద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“లే, లే. కాళ్ళు వదులు. కుర్చీలో కూర్చో.”

“దానికి తెలుసా? పిట్టకి తెలుసా నేను వెళ్ళలేదని?”

“గంట కిందట నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఎవరు రాశారో చెప్పకుండా ఉత్తరం సంగతి చెప్పి, రెండు కట్టలూ ముందు పెట్టి, ఇందులో ఏది దొంగదో చెప్పమన్నాను. నీది నాలుగు ఫారాలు తిప్పింది. అయిదోది తిప్పలేదు. మొహం తెల్లబోయింది.”

“నన్ను పట్టించేసిందన్నమాట. నాకు తెలుసు! నోట్లో నాలుక లేనట్టుంటుంది, అదను చూసి...”

“ఇదిగో, అది రాసిచ్చిన కాగితం. చదువు. పైకి చదువు.”

“‘మేడమ్ గారికి. రెండు కట్టలకీ అట్టలు నేనే వేశాను. వేసేటప్పుడు నా పొరపాటు వల్ల పేర్లు మారిపోయాయి. ఇల్లిల్లూ తిరిగి చేసిన కట్ట మా అక్కది. వెళ్ళకుండా నింపిన కట్ట నాది. అక్క... అక్క ఇదివరకే ఒక ఏడాది పోగొట్టుకుంది. ఆ సీటు...’”

“ఆగావేం? చదువు.”

“‘ఆ సీటు అక్కకే ఇవ్వండి. నాకు ఏ శిక్ష వేసినా ఫర్వాలేదు.’ ఇది అబద్ధం మేడమ్!”

“పచ్చి అబద్ధం. అట్ట మారితే రాత మారుతుందా? మీ ఇద్దరి రాతా నాకు తెలీదూ? అబద్ధం ఆడటం కూడా చేతకాదు దానికి. కానీ ఆడింది. సంతకం కూడా పెట్టింది. నువ్వొచ్చి నాతో ‘మేడమ్, వెళ్ళలేదు’ అని ఒక్క ముక్క అంటావేమోనని చూశాను. అనుంటే నీ ఉత్తరమూ, దాని కాగితమూ రెండూ చింపేసి, నీకింకో నెల గడువిచ్చి, ఆ అరవై ఇళ్ళకీ పంపేదాన్ని. నువ్వు అనలేదు. దాన్నే దొంగ అని మూడు రకాలుగా నిరూపించి సంతకం పెట్టావు.”

“ఇప్పుడేమవుతుంది?”

“పట్టుబడ్డాక నీ ఏడాది నా చేతుల్లో లేదు. దాని సంగతి చూడు. ఈ కాగితం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తే, తప్పుడు రాత రాసిచ్చిందని దాని సీటు కూడా పోతుంది. నువ్వు కోరుకున్నదే.”

“వెళ్ళకపోతే?”

“వెళ్ళకూడదంటే నాకు ఇంకో కాగితం కావాలి. ఆ ఫారాలు నేనే నింపాను, మా చెల్లెలికి ఏ సంబంధమూ లేదు అని, నీ చేత్తో, నీ సంతకంతో. అప్పుడు దీన్ని నీ ముందే చింపేస్తాను. సీటు దానిది. ఆలోచించుకో. రాయకపోయినా నేనేమీ అనను. పోనీ ఇంటికెళ్ళి రేపు రా.”

“ఇంటికెళ్తే రాయను మేడమ్. నా సంగతి నాకు తెలుసు. పెన్ను ఇలా ఇవ్వండి.”

“రాస్తావా?”

“రాస్తున్నానుగా. ‘మేడమ్ గారికి. అరవై ఫారాలలో యాభై తొమ్మిది...’ ఒక్క మాట చెప్పండి. అది ఇక్కడ ఎన్నింటికి కూర్చుంది?”

“రెండింటికి. ఎందుకు?”

“నా తప్పు ఒప్పుకోవడానికి కూడా అదే నాకంటే ముందొచ్చిందా, మేడమ్?”